ఆగుమనుటయు నొక యాజ్ఞయే



పని చేయుమని చెప్పుట యెవ్వరికైనను చేతనగును. ఎచ్చట ఆగవలయునో, ఎంతసేపు ఆగవలయునో చెప్పగలుగుట నేర్పరులకే సాధ్యము. ఈ నేర్పును గృహిణి పొయ్యియొద్దనే సంపాదించుకొనుచున్నది. దోసెలకు రుబ్బిన పిండిని రాత్రియంతయు పులియనిచ్చును. తోడు వేసిన పాలగిన్నెను కదపక యుంచును. అన్నము దింపిన పిమ్మట మూతపెట్టి కొంతసేపు ఉమ్మగిలనిచ్చును. ఈ నిలుపుదలలను సోమరితనమని యెవ్వరును అనరు. అవి వంటకు వెలుపలివి కావు, వంటలోనివే.

కంప్యూటరునకు పని నప్పగించునపుడును ఇట్టి నిలుపుదలను ముందుగా నిర్ణయించి చెప్పవచ్చును. నడచుచున్న ప్రోగ్రామును కొన్ని సెకండ్లపాటు ఆపుటకు ఒకే యొక మాట చాలును. ఆ మాట చిన్నదైనను దానివెనుక నున్న వివేకము చిన్నది కాదు. కావున ఈ నెల దానినిగూర్చి ముచ్చటింప దలచితిని.

ఇది యింటియాడువారి కేల యని కొందఱు అడుగవచ్చును. మా తుర్కయంజాలులో ప్రొద్దుట సాగరు రోడ్డుమీద నిలిచి చూడుడు. ఎల్బీనగరు, దిలుసుఖ్‌నగరుల వైపు పోవు బస్సులలో ల్యాప్‌టాపు సంచులతో కళాశాలలకును, శిక్షణాలయములకును పోవు బాలికలు ఎందఱో కానవత్తురు. రాత్రి యింటికి వచ్చి వారు నల్లని తెరపై తెల్లని యక్షరములు వ్రాయుచు కూర్చుందురు. తల్లి ప్రక్కనుండి చూచును గాని యేమియు అడుగజాలదు. బిడ్డ చదువులో తల్లికి ఒక చిన్న భాగము తెలిసినను బిడ్డకు అది కొండంత బలము. అంతియ కాక, మనలో పలువురు ఇప్పుడు ఇంటనుండియే లెక్కలు వ్రాయుట, పత్రములు టైపు చేయుట మొదలగు పనులు చేయుచున్నారు. వారికిని ఇది యుపయోగించును.

ఆ నల్లని తెరను వాడుకలో కమాండు లైను అందురు. ఆజ్ఞల పంక్తి యని దాని యర్థము. అందు బొమ్మలు లేవు, నొక్కుటకు గుర్తులు లేవు. మనము ఒక మాట వ్రాసి ఎంటరు మీట నొక్కినచో యంత్రము ఆ పని చేసి మరల మన మాటకై యెదురుచూచును. ఇట్టి యాజ్ఞలను వరుసగా వ్రాసి భద్రపఱచినచో అది స్క్రిప్టు అగును. అంగడికి పంపు పిల్లవానికి మనము వ్రాసి యిచ్చు చీటీ వంటిది. భేద మేమనగా, పిల్లవాడు త్రోవలో ఊపిరి తీసికొనును. యంత్రము తీసికొనదు. ఒక పంక్తి ముగిసినదో లేదో రెండవదానిపై బడును. ఊపిరి తీసికొనుట యవసరమైన చోట, అదియు మనమే చీటీలో వ్రాయవలెను.

యూనిక్సు సంతతికి చెందిన యంత్రములలో, అనగా లినక్సులోను, మాకింతోషులోను, ఈ యాజ్ఞ పేరు 'స్లీపు'. నిద్రింపుమని దాని యర్థము. 'స్లీపు 5' అని వ్రాసినచో ఆ స్క్రిప్టు 5 సెకండ్లు నిలిచి, పిదప తరువాతి పంక్తికి పోవును. బెల్ ప్రయోగశాలలో 1969లో మొలకెత్తిన యూనిక్సు యొక్క నాలుగవ ప్రతిలో, అనగా 1973లో, ఈ యాజ్ఞ చేరినది. ఏబదియేండ్లు దాటినను అదే పేరుతో, అదే పనిలో నున్నది. లినక్సులో సంఖ్య వెనుక ఎమ్ అను అక్షరము చేర్చిన నిమిషములును, హెచ్ చేర్చిన గంటలును, డీ చేర్చిన దినములును అగును. 0.5 అని వ్రాసి అర సెకండు నిద్రయు కోరవచ్చును. అయితే అన్ని యంత్రములకు ఉమ్మడిగా నేర్పఱచిన ప్రమాణము పూర్ణ సెకండ్లనే గుర్తించును. కావున పరుల యంత్రములలో నడువవలసిన స్క్రిప్టునందు పూర్ణసంఖ్య వ్రాయుట క్షేమము.

విండోసు యంత్రములో ఈ పనికి 'టైమవుట్' అను ఆజ్ఞ కలదు. దానికి స్లాషు టీ యని చేర్చి సెకండ్ల సంఖ్య చెప్పవలెను. నడుమ ఎవరైన మీట నొక్కినచో నిద్ర చెదరును. చెదరకుండవలెనన్న 'నోబ్రేక్' అను మాట చేర్చుదురు. దానికి చెప్పదగిన గరిష్ఠసంఖ్య 99999 సెకండ్లు, అనగా 27 గంటల 46 నిమిషముల 39 సెకండ్లు. పవర్‌షెల్ అను క్రొత్త పంక్తిలో 'స్టార్ట్ స్లీప్' అని వ్రాయుదురు. 'టైమవుట్' లేని పాత విండోసులలో జనులు ఒక యుపాయము పన్నిరి. యంత్రము తన్ను తానే 6 మాఱులు పిలుచుకొనునట్లు 'పింగ్' అను ఆజ్ఞ నిచ్చెడివారు. పిలుపునకు పిలుపునకు నడుమ ఒక్కొక్క సెకండు గావున, 5 సెకండ్లు గడచెడివి. తన యింటి తలుపు తానే తట్టుకొనుచు ప్రొద్దు పుచ్చినట్లు!

'పాజ్' అను వేఱొక విండోసు ఆజ్ఞ కలదు. అది కాలమును లెక్కింపదు, మనుష్యుడు మీట నొక్కువఱకు నిలుచును. యూనిక్సులో నడచుచున్న పనిని కంట్రోలు, జెడ్ మీటలు కలిపి నొక్కి ఆపి, 'ఎఫ్‌జీ' అను రెండక్షరములతో మరల నడిపింపవచ్చును. మనము చెప్పినగాని అది కదలదు. నిద్రకు గడువు కలదు, దీనికి లేదు. ఇట్లు ఆపిన పని చచ్చినది కాదనియు, ఎచ్చట నిలిచినదో యచ్చటినుండియే సాగుననియు గుర్తుంచుకొనవలెను.

నిద్రించుచున్న ప్రోగ్రాము లోపల నేమి జరుగును? ఇది తెలిసిననే ఈ యాజ్ఞ యొక్క మేలు తెలియును. యంత్రమున అనేక ప్రోగ్రాములు ఒక్క ప్రాసెసరు నాశ్రయించి వరుసలో నిలిచియుండును. నిద్రాజ్ఞ పొందిన ప్రోగ్రాము ఆ వరుసనుండి తొలగి, "ఇన్ని సెకండ్ల పిదప నన్ను లేపుము" అని ఆపరేటింగు సిస్టమునకు చెప్పుకొనును. అంతసేపును ప్రాసెసరు తక్కినవారి పని చూచును. ఎవరి పనియు లేనిచో తానును తక్కువ విద్యుత్తుతో నూరకుండును. గడువు తీరినపుడు నిద్రించినది మరల వరుసలోనికి వచ్చును. అప్పటికి వేఱొకరి పని జరుగుచుండిన కొంచెము తాళవలసి యుండును. కావున 'స్లీపు 5' అనగా 5 సెకండ్లకు తక్కువ కాదని యర్థము గాని, వెండ్రుకవాసి తేడా లేకుండ 5 అని కాదు.

పూర్వము చిన్నయంత్రములపై వ్రాయువారు ఇట్లు చేసెడివారు కారు. కాలము గడపుటకై యంత్రముచేత ఒకటి మొదలు వేయివఱకు ఊరక అంకెలు లెక్కింపజేసెడివారు. పొయ్యిమీది పాలు పొంగుటకై యొక మనిషి వేఱు పని లేక గిన్నెనే చూచుచు నిలుచుట వంటిది. ఆ మనిషి శ్రమయు వ్యర్థము, తక్కిన పనులును ఆగును. పైపెచ్చు, యంత్రము వేగవంతమైనకొలది ఆ లెక్కింపు త్వరగా ముగిసి నిలుపుదల కుఱుచనగును. బోర్లాండు సంస్థవారి టర్బో పాస్కల్ అను సాధనములో 'డిలే' యను నిలుపుదలకు, యంత్రము కొంత కాలములో నెన్ని మాఱులు లెక్కింపగలదో తొలుత కొలిచి సరిపెట్టుకొను ఏర్పాటుండెను. 1990 దశకపు చివర సుమారు 200 మెగాహెర్ట్జులు మించిన ప్రాసెసరులు రాగా, ఆ కొలత తనకు కేటాయించిన స్థలమున పట్టక, పూర్వము చక్కగా నడచిన ప్రోగ్రాములు '200వ నంబరు దోషము' అని చూపి మొదటనే నిలిచిపోయెను. వ్రాసినవారు తప్పుగా వ్రాసిరని కాదు. యంత్రపు వేగము ఇంత పెరుగునని వారి లెక్కలో లేదు. గడియారము నడుగవలసినదానిని తన అంగలతో కొలిచిన ఫలమిది.

ఇక ఈ నిలుపుదల యెవరికొఱకు? అనేక పర్యాయములు మనకొఱకు కాదు, ఎదుటివారికొఱకు. దీనికి మన తెలుగువారి యింటిలోనిదే యైన ఉదాహరణము తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైన ఆ విజ్ఞానసర్వస్వమున మన యూళ్లకు వేఱువేఱు పుటలు కలవు. మా తుర్కయంజాలునకును కలదు. ఇట్టి వేలకొలది పుటలలో ఒకే విధమైన దిద్దుబాటు చేయవలసివచ్చినపుడు మనుష్యులు విసుగుచెందుదురు గావున, బాటు అను పనిప్రోగ్రాములను వాడుదురు. అందులకు ప్రసిద్ధమైన సాధనము పైవికీబాట్. అది ఒక పుట భద్రపఱచిన పిదప, మనము వేఱుగా చెప్పనిచో, 10 సెకండ్లు ఆగి గాని రెండవది భద్రపఱచదు. అంతేకాక, అచ్చటి సర్వరులు పనిభారముచే 5 సెకండ్లకు మించి వెనుకబడియున్నచో, అవి తేఱుకొనువఱకు తాళును. ఆ సర్వరులు ఒక్క మన భాషకే కావు, వందలకొలది భాషలవారికి ఉమ్మడివి. ఊరి బావివద్ద ఒక్కతెయే చేద విడువక తోడుకొనుచుండిన తక్కినవారి బిందెలు నిండునా? ఒక చేద తోడి ప్రక్కకు జరుగుట బావి మర్యాద. ఈ మర్యాదనే ఆ ప్రోగ్రాములో వ్రాసియుంచిరి.

పుస్తకభాండారములనుండి పాత గ్రంథముల పుటలను దింపుకొనువారికిని ఇదియే ధర్మము. 'డబ్ల్యుగెట్' అను సాధనమునకు 'వెయిట్' అని చేర్చి సెకండ్లు చెప్పినచో, పుటకు పుటకు నడుమ అంతసేపు ఆగును. 'ర్యాండం వెయిట్' అని కూడ చెప్పినచో, చెప్పిన కాలమునకు సగము మొదలు ఒకటిన్నర రెట్ల వఱకు మార్చి మార్చి ఆగును. ఇట్లాగక గుప్పున వందలకొలది పుటలు కోరినచో, పలు భాండారములు మన యింటి చిరునామాకు ద్వారము మూసివేయును. అప్పుడు తొందరపడినందున పని ఆలస్యమగును.

మార్చిమార్చి ఆగుటలో మఱియొక రహస్య మున్నది. పదవతరగతి ఫలితములు వెలువడు దినమును తలచుకొనుడు. మన తెలంగాణమున ఏటేట సుమారు 5 లక్షల బాలబాలికలు ఆ పరీక్షకు కూర్చుందురు. ప్రకటించిన గడియకే యందఱి యిండ్లలోను ఒకే పుట తెఱువ యత్నింతురు. తెఱచుకొననందున అందఱును మరల మరల నొక్కుదురు. ఆ నొక్కుటయే భారమై తెఱచుకొన వలసినదియు తెఱచుకొనదు. అందఱును సరిగా 5 సెకండ్లు ఆగి నొక్కినను లాభములేదు. ఏలయన, 5 సెకండ్ల పిదప మరల అందఱును ఒక్కసారిగానే వత్తురు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ ఆగిననే త్రోవ చిక్కును. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు ద్వీపముల నడుమ రేడియోతో కంప్యూటరులను కలిపినపుడు ఈ చిక్కే యెదురైనది. రెండు సందేశములు ఢీకొన్నచో, ఇద్దఱును ఎవరికి తోచినంత కాలము వారు ఆగి మరల పంపవలెనని వారు నియమించిరి. 1973లో పుట్టిన ఈథర్‌నెట్టు ఈ నియమమునే మెఱుగుపఱచుకొన్నది. నేటికిని వివేకము గల ప్రోగ్రాము, తిరస్కరింపబడినపుడు 1 సెకండు, పిదప 2, పిదప 4, పిదప 8 అని నిద్రను రెట్టింపు చేయుచు, దానికి కొంచెము హెచ్చుతగ్గులు కలుపుచు ప్రయత్నించును. తలుపు తీయనివారింటి తలుపును మఱింత గట్టిగా బాదుట మన యిండ్లలోను మర్యాద కాదు కదా!

ఇంతవఱకు కాలము లెక్కించి ఆగుటనుగూర్చి చెప్పితిని. అయితే, ఆగుటకు కాలమే సరియైన కొలత యని యెల్లప్పుడు అనరాదు. మా వీధిలోని యొక సోదరి కుమార్తె ఇంజినీరింగు చదువుచున్నది. ఆమె తన పరీక్షాకార్యమునకై యొక స్క్రిప్టు వ్రాసినది. అందు మొదటి పంక్తి దత్తాంశశాలను, అనగా డేటాబేసును, మేలుకొలుపును. రెండవది 'స్లీపు 5'. మూడవది ఆ డేటాబేసునుండి సమాచారము తెచ్చి తెరపై చూపును. కళాశాల యంత్రముమీద ఎన్నడును తప్పలేదు. ఇంటి పాత ల్యాప్‌టాపుమీద ఒకమాఱు నడచును, ఒకమాఱు నడువదు. పరీక్షకులకు చూపవలసినది ఈ పాతదానిమీదనే. గడువు పది దినములు. బాలిక రాత్రులు నిద్రమాని యేడ్చుచుండెను. "వదినా, దీనికి ఈ చదువు అబ్బునట్లు తోచదు. ఈ యేటితో మాన్పించి సంబంధములు చూడుమని మా యింట అనుచున్నారు" అని తల్లి నాతో చెప్పినది.

నేను ఆ బాలికను పిలిచి, "అమ్మా, మీ యింట పెరుగు తోడుకొన్నదని యెట్లు తెలిసికొందువు?" అని యడిగితిని. "గిన్నె నొకింత వంచి చూచెదను అత్తమ్మా" అనెను. "గడియారము చూడవా?" అనగా, "వేసవిలో త్వరగా తోడుకొనును, చలికాలమున ఆలస్యమగును. గడియార మెట్లు చెప్పును?" అనెను. అంతట తానే తటాలున నిలిచి తన స్క్రిప్టువైపు చూచినది. కళాశాల యంత్రము వేసవి, ఇంటి యంత్రము చలికాలము. 5 సెకండ్లు ఒకదానికి చాలును, రెండవదానికి చాలవు. పోనీ 60 సెకండ్లు వ్రాసిన? ఇంటి యంత్రమున కుదురును గాని, కళాశాలలో పని సిద్ధమైన పిదపను ఊరక కూర్చుండవలెను. ఇంకను పాత యంత్రము దొరకిన నదియు చాలదు.

వ్యాసమహర్షి భారతము చెప్పగా గణపతి వ్రాసిన కథ మీకందఱికిని తెలిసినదే. గంటము ఆగరాదని గణపతి నియమము పెట్టెను. అర్థము చేసికొని గాని వ్రాయరాదని వ్యాసుడు మాఱు నియమము పెట్టెను. వ్యాసుడు ఇన్ని గడియలు ఆగుమనలేదు, అర్థమగువఱకు ఆగుమనెను. సులభశ్లోకమునకు లిప్తకాలము, కఠినశ్లోకమునకు అంతకు తగినంత కాలము. ఆగుటలోని యుత్తమమార్గ మిదియే.

బాలిక తన స్క్రిప్టును ఇట్లు మార్చినది. ఆమె వాడిన పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసునకు 'పీజీ ఈజ్ రెడీ' అను చిన్న సాధనము తోడుగా వచ్చును. "సిద్ధమా?" యని అడుగుటయే దాని పని. సిద్ధమైనచో వెంటనే ముందుకు పోవలెను. కానిచో 1 సెకండు నిద్రించి మరల అడుగవలెను. ఇట్లు 60 మాఱులు అడిగినను సిద్ధము కానిచో, "డేటాబేసు లేవలేదు" అని స్పష్టముగ చెప్పి ఆగిపోవలెను. ఇందు మూడు విషయములను గమనింపుడు. ఎదురుచూచుట పనికి, నిద్ర నడుమనుండు విరామమునకు, లెక్క హద్దునకు. నడుమ నిద్ర లేనిచో అడుగుటయే యంత్రమునకు భారమగును. హద్దు లేనిచో చెడిన యంత్రమువద్ద జీవితమంతయు కూర్చుండవలసివచ్చును. ఆ స్క్రిప్టు రెండు యంత్రములమీదను నడచినది. ఆమె పరీక్షకులకు చూపినది. మాన్పించు మాట ఆ యింట ప్రస్తుతము ఆగినది.

ఆ యింటివారిని నిందించుటకు ఈ మాట చెప్పలేదు. ఒక చిన్న సంఖ్య కుదరనందున ఒక బాలిక బుద్ధియే కుదరదని తీర్మానించుట యెంత సులభమో చూపుటకు చెప్పితిని. ఒకనాడు నడచి యొకనాడు నడువని ప్రోగ్రాము వ్రాసినవారి మనస్సును మిక్కిలి క్రుంగదీయును. తన తప్పేమో తెలియదు, తెలియనందున తానే తప్పనుకొనును. మీ యింట బిడ్డ ఇట్లు చెప్పినచో, "నడుమ ఎచ్చటనైన సెకండ్లు లెక్కించి ఆగుచున్నావా?" యని యొక్క ప్రశ్న వేయుడు. అది తఱచుగా తగులవలసిన చోటనే తగులును.

ఇంటి యుపయోగమునకు ఇంకొక రెండు మాటలు. 'స్లీపు' ఆజ్ఞ వెనుక సెమికోలను గుర్తు పెట్టి వేఱొక యాజ్ఞ వ్రాసినచో, గడువు తీరినపిదప అది జరుగును. 20 నిమిషముల పిమ్మట పాట వినిపింపుమని చెప్పి, పొయ్యిమీది పప్పును జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. అయితే ల్యాప్‌టాపు మూత మూయరాదు. మూత మూసిన యంత్రమే నిద్రపోవును. లినక్సులో ఆ కాలము 'స్లీపు' లెక్కలోనికి రాదు. మరల మూత తెఱచినపుడు మిగిలిన నిమిషములు అప్పటినుండి నడచును. అప్పటికి పప్పు మాడియుండును. వేసిన నిద్రను నడుమ మానవలసివచ్చిన, కంట్రోలు, సీ మీటలు కలిపి నొక్కిన చాలును. అయితే స్క్రిప్టులోని నిద్రను అట్లు మాన్పినచో సాధారణముగ ఆ స్క్రిప్టే ముగియునని యెఱుగవలెను.

పద్యము చదువువారికి యతి తెలియును. యతి యనగా విరామస్థానము. ఉత్పలమాలకు పదవ యక్షరమున, చంపకమాలకు పదునొకండవ యక్షరమున ఆ స్థాన మేర్పడియున్నది. అది తప్పిన పద్యము కుంటును. ప్రోగ్రామునకు అట్టి స్థానము లక్షణగ్రంథములలో లేదు. ఎచ్చట ఎదుటివారికి ఊపిరి కావలయునో, ఎచ్చట సిద్ధము కానిదానికై తాళవలయునో, వ్రాయువారే యెఱిగి పెట్టవలెను. తెలిసినచో సంగతి జరుగువఱకు ఆగుడు. తెలిసికొను మార్గము లేనిచోటనే సెకండ్లు లెక్కింపుడు. రెండింటికిని హద్దు నేర్పఱచుడు.